నొక్కింది ఇక్కడ, మోగింది అక్కడ

రంజాన్ 2

కుడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. నిన్న ఇఫ్తార్ అయ్యాక స్టూడియో మెట్ల మీద జారాను. చేతిలో అందరికీ పంచడానికి తెచ్చిన జ్లాబియా పళ్లెం. తేనె కారే ఆ చుట్టల్లో ఒక్కటీ కింద పడలేదు, నేనే పడ్డాను. ముందు పళ్లెం అందుకుని, తర్వాత నన్ను లేపారు.

డాక్టరు పిండికట్టు వేసి పండగ దాకా మెట్ల జోలికి పోవద్దన్నాడు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ నెలంతా ఇంట్లో ముగ్గురం: నా భార్య దలీలా, నేను, మా అత్తగారు. ఏటా రంజాన్‌కి ఆవిడ మా ఇంటికి వస్తుంది. ఊళ్లో అందరూ లల్లా మబ్రూకా అని గౌరవంగా పిలుస్తారు. నేనూ అలాగే పిలుస్తాను, ఆవిడ వింటున్నప్పుడు.

మా రేడియో డైరెక్టర్ ఫౌజీ, అందరూ గౌరవంగా సి ఫౌజీ అనేవాడు, ఫోన్ చేశాడు. పరామర్శకే అనుకున్నాను. కంప్యూటర్ నడిపేది చేతులతో కదా లసాద్, కాళ్లతో కాదుగా అన్నాడు. రేపట్నించి ఇంట్లో ల్యాప్‌టాప్ మీద కూర్చుని స్టూడియో కంప్యూటర్ నేనే నడపాలట. పాటలు, ప్రకటనలు, ఊరు ఉపవాసం విడిచే సాయంత్రం అజాన్ అన్నీ నావి. మైకు ముందు ఎప్పటిలాగే సబీహ్.

ఈ గాబెస్ ఊరు మొత్తంలో ఆ పని ఇంటి నుంచి చేయగలవాడు నేనొక్కడినే. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. ఇది చదివేవాళ్లెవరూ లేరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

రంజాన్ 4

ఏర్పాటు అద్భుతం. నా ల్యాప్‌టాప్‌లో ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో స్టూడియో కంప్యూటర్ తెర మొత్తం కనిపిస్తుంది. నేనిక్కడ ఏం చేసినా అక్కడ సబీహ్ కళ్లముందు జరుగుతుంది. ఒక పెట్టెలో పాటల వరుస నడుస్తూ ఉంటుంది. ఇంకో పెట్టెలో అజాన్ రికార్డింగ్ సిద్ధంగా నిలబడి ఉంటుంది. వేళ కాగానే ఆ పెట్టె ముందుకు తెచ్చి స్పేస్ నొక్కితే చాలు, నడిచే పాట తనంతట తాను అణిగిపోయి అజాన్ మొదలవుతుంది.

మెలిక ఒక్కటే. నేను నొక్కే షార్ట్‌కట్ నా ల్యాప్‌టాప్‌కి చెందాలా, స్టూడియోకి చెందాలా? మూడు దారులు ఇచ్చారు. అన్నీ ఇక్కడికే. లేదా అన్నీ అక్కడికే. లేదా, ఆ కిటికీ తెర నిండా ఉంటే అక్కడికి, చిన్నదిగా ఉంటే ఇక్కడికి. మొదటి రెండూ తెలియనివాళ్ల కోసం పెట్టినవి. నేను మూడోది పెట్టుకున్నాను.

"అన్నీ అక్కడికే పెట్టెయ్ అన్నా, గొడవుండదు," అన్నాడు సబీహ్ ఫోన్‌లో. పాపం, మంచివాడు. గొంతు బంగారం. కంప్యూటర్ అంటే మాత్రం దూరం నుంచే దణ్ణం పెట్టే రకం.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో స్టూడియో కిటికీ తెర నిండా ఉండగానే దాని మీద ఒక మూల పేకాట ఆడుకుంటుంటే అత్తగారు వస్తున్న చప్పుడైంది. ఉపవాసం ఉండి పేకాటేమిటని అంటుందని గబుక్కున తెరకు తాళం వేసే షార్ట్‌కట్ నొక్కాను. నా పేకముక్కలు కదల్లేదు. తాళం అక్కడ స్టూడియోలో పడింది. పాస్‌వర్డ్ సబీహ్‌కి తెలియదు. ఏం చేయాలో తోచక వాతావరణ సమాచారం చదివాడు. మళ్లీ చదివాడు. మూడోసారి చదివేటప్పుడు తీరం వెంట గాలులు ఇంకాస్త బలపడ్డాయి.

నేను పాస్‌వర్డ్ వెతికి కొట్టేలోపు అత్తగారు నా భుజం మీంచి తొంగిచూసి, డైమండు రాణిని అలా వదిలెయ్యకూడదు అల్లుడూ అంది.

రంజాన్ 5

ఈ రోజు ఏ పొరపాటూ జరగలేదు. చిన్నది ఒకటి జరిగింది. అది పొరపాటు కిందికి రాదు.

రంజాన్ 6

ఆ చిన్నది గురించి సి ఫౌజీ ఇవాళ కూడా అడిగాడు కాబట్టి రాస్తున్నాను. నిన్న నేను నా పాత ఫుట్‌బాల్ మ్యాచ్ కిటికీ మూసేద్దామనుకున్నాను. మూసుకున్నది స్టూడియోలో పాటల పెట్టె. భక్తిగీతం సగంలో తెగింది. జారా బజారులో గోరింటాకు అమ్మేవాళ్లు కరెంటు పోయిందనుకుని దుకాణాలు కట్టేశారట. రంజాన్ నెలలో కాసేపు నిశ్శబ్దం ఆత్మకు మంచిదని సి ఫౌజీకి చెప్పాను. ఆయన కూడా కాసేపు నిశ్శబ్దంగా ఉన్నాడు.

రంజాన్ 9

ఏం రాయాలో తెలియడం లేదు. వరుసగా రాస్తాను.

అత్తగారికి ఒక సీరియల్ పిచ్చి ఉంది. రోజూ రాత్రి వస్తుంది, నిన్న నిద్రపట్టి సగం చూడలేదు. దలీలాకు ఈ సంగతి తెలియకూడదు. పగలంతా జపమాల తిప్పుతున్నానని కూతురికి చెప్పుకుంటుంది. ఇవాళ సాయంత్రం దలీలా వంటింట్లో గుడ్డు పెట్టి మడిచిన బ్రీక్ వేయిస్తుండగా ఆవిడ జపమాలతో సహా వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది. ఆ మిగిలిన సగం నా ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఇద్దరం గొంతు తగ్గించి చూస్తున్నాం. అందులో సంవత్సరాల తర్వాత ఇంటికొచ్చిన తండ్రి తలుపు తడతాడు, లోపల కూతురు గడియ మీద చెయ్యి వేస్తుంది. సరిగ్గా అప్పుడు నేను ఆపి, స్టూడియో కిటికీ పెద్దది చేసి అజాన్ సిద్ధంగా ఉందో లేదో చూశాను. ఉంది. ఇంకా టైముంది.

"తీసిందా లేదా? పెట్టు నాయనా, పెట్టు," అంది అత్తగారు.

నేను ఆవిడ వైపు తిరిగి, తీయకుండా ఎక్కడికి పోతుంది లల్లా అంటుండగానే, అలవాటుగా వేళ్లు నొక్కేశాయి. సీరియల్ ముందుకు రావడానికి ఆల్ట్, ట్యాబ్. కదలడానికి స్పేస్.

వంటింట్లో రేడియోలో అజాన్ మొదలైంది.

దలీలా "అల్‌హమ్దులిల్లా" అనుకుంటూ ఖర్జూరాల గిన్నె తెచ్చింది. ఎదురింట్లో కుర్చీలు జరిగాయి. పైన, కింద, వీధిలో చెంచాల చప్పుడు. మా పేట మసీదు మైకు ఎప్పటినుంచో గురక పెడుతోంది కాబట్టి ఇక్కడందరికీ రేడియోనే ఆధారం. నేను ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. మజ్జిగ తాగాను. బ్రీక్ కొరికాను, గుడ్డుసొన గడ్డం మీదికి కారింది. దేవుడి దయ, ఈ రోజు ఉపవాసం ఎంత తేలిగ్గా గడిచిందో అన్నాను. నేనే అన్నాను.

అప్పుడు తెర వైపు చూశాను. సీరియల్ రాలేదు. స్టూడియో కిటికీ ఇంకా తెర నిండానే ఉంది, నొక్కినవి అక్కడికే పోయాయి. అజాన్ పెట్టె నడుస్తోంది. గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

నోట్లోది మింగాలో ఉమ్మాలో తేలలేదు. అజాన్ సగంలో ఉంది. పాటనైతే ఆపగలం. అజాన్‌ని మధ్యలో ఎవడాపుతాడు? అది పూర్తయింది. సబీహ్ గొంతు రాలేదు. తర్వాత కాసేపటికి మసీదు మైకు గురగురమని, అసలు అజాన్ మొదలైంది.

వీధిలో చెంచాలు ఆగిపోయాయి. ఇంత మంది ఒకేసారి నమలడం ఆపితే ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు.

దలీలా నా మొహం చూసింది. అత్తగారు జపమాల తిప్పడం మొదలుపెట్టింది, చాలా వేగంగా.

రంజాన్ 9, మళ్లీ

సాంకేతిక లోపం.

రంజాన్ 10

సి ఫౌజీ పొద్దున్నే ఫోన్ చేశాడు. గవర్నరు ఆఫీసు నుంచి అడిగారట. ఫోన్లు ఆగడం లేదట. మతపెద్ద షేక్ గారిని పిలిపించి ఉదయం కార్యక్రమంలో తీర్పు చెప్పించారు. తెలియక చేసినది పాపం కాదు, కానీ తిన్నవాళ్లంతా పండగ తర్వాత ఆ ఒక్క రోజు ఉపవాసం తిరిగి ఉండి తీర్చుకోవాలి. అంటే ఊరు ఊరంతా.

ఎలా జరిగిందో కనుక్కున్నారా అని అడిగాను. గొంతు మామూలుగానే వచ్చిందనుకుంటాను.

కనుక్కున్నాం, సబీహ్ ఒప్పుకున్నాడు అన్నాడు సి ఫౌజీ. కాగితాల కోసం వంగినప్పుడు మోచెయ్యి కీబోర్డుకు తగిలిందట. సబీహ్‌ని మైకు నుంచి తీసేశారు. పండగ తర్వాత ఉద్యోగం సంగతి చూస్తారు.

నేను ఏదో అనబోయాను. ఆ ఏదో ఏమిటో గుర్తు రావడం లేదు. నిజానికి మోచెయ్యి కూడా తగిలి ఉండవచ్చు. రెండూ ఒకేసారి జరగకూడదని ఎక్కడా రాసి లేదు.

రంజాన్ 11

అత్తగారు వెల్లుల్లి వొలవమంది. రెండు బుట్టలు.

ఈ ఇంట్లో నేనెప్పుడూ వెల్లుల్లి వొలవలేదు. కాలు నొప్పి అన్నాను. వొలిచేది చేతులతో కదా అల్లుడూ, కాళ్లతో కాదుగా అంది. తర్వాత దలీలా వినేలా, పాపం ఆ సబీహ్, ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో ఎవరికి తెలుసులే అని నిట్టూర్చింది.

వొలిచాను.

రంజాన్ 13

పుదీనా తుంచాను. మిరపకాయల తొడిమలు తీశాను. ఆవిడ జపమాల తెగితే పూసలు గుచ్చాను. వీటికీ ఆ విషయానికీ సంబంధం లేదు, పెద్దవాళ్లకు సాయం చేయడం మన ధర్మం.

కాకపోతే ఒకటి గమనించాను. దలీలా ఇంట్లో లేనప్పుడు నేను సీరియల్ అనే మాట ఎత్తితే, ఆవిడ వెల్లుల్లి అనే మాట మానేస్తుంది. ఇవాళ పొద్దున ఆ మాట ఎత్తాను. మధ్యాహ్నం హాయిగా పడుకున్నాను.

రంజాన్ 14

కూరగాయల అబ్దుస్సలామ్ బుట్ట పైకి తెచ్చిచ్చాడు. సబీహ్ బజారులో దుకాణం దుకాణానికీ తిరిగి క్షమించమని అడుగుతున్నాడట. అబ్దుస్సలామ్ దగ్గరికీ వచ్చాడు. నువ్వేం తిన్నావని సబీహ్ అడిగితే, ఒక్క ఖర్జూరమే అని చెప్పాడట. నిజానికి తిన్నది మూడు బ్రీక్‌లూ సగం కోడీ అని మాకు చెప్పాడు. ఆ కుర్రాడి మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు సి లసాద్ అన్నాడు.

దలీలా కళ్లు తుడుచుకుంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి నావి ఎవరూ పట్టించుకోలేదు.

రంజాన్ 15

సబీహ్ వచ్చాడు.

మధ్యాహ్నం దాటి అసర్ నమాజు అయ్యాక మూడంతస్తులు ఎక్కి, చేతిలో వాళ్లమ్మ ఖర్జూరం కూరి చేసిన మఖ్రూద్‌లతో. నీ కాలు చూసిపోదామని వచ్చాను అన్నాడు. కుడి మోచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. దెబ్బ తగిలిందా అన్నాను. లేదు, ఇక దేనికీ తగలకుండా అన్నాడు.

కూర్చున్నాడు. రాత్రిళ్లు కళ్లు మూసుకుంటే చెంచాల చప్పుడు వినిపిస్తోందట. వాళ్లమ్మ బజారుకు పోవడం మానేసిందట. ఏ దుకాణంలోకి పోయినా, మీవాడి అజాన్ ఎన్నింటికమ్మా ఇవాళ అని అడుగుతున్నారట. ఒక్క విషయమే అర్థం కావడం లేదు అన్నా, నా చెయ్యి అసలు ఆ కీబోర్డు దాకా ఎలా వెళ్లిందో అన్నాడు. కుర్చీలో కూర్చుని చూపించాడు, ఇలా వంగాను, కాగితాలు ఇక్కడున్నాయి, కీబోర్డు అక్కడుంది. మోచెయ్యి అందలేదు. ఇంకాస్త వంగాడు. అప్పుడూ అందలేదు. కానీ తగిలే ఉంటుంది, ఇంకెవరున్నారు అక్కడ అన్నాడు.

మనిషన్నాక పొరపాటు చేస్తాడు సబీహ్ అన్నాను.

ఈ మాట నేనన్నాను. అని, వాడి వీపు కూడా తట్టాను.

వాడు నా చెయ్యి పట్టుకుని, నువ్వొక్కడివే నన్ను ఒక్క మాటా అనలేదు అన్నా అన్నాడు. వెళ్లేటప్పుడు నా పిండికట్టు మీద చెయ్యి పెట్టి త్వరగా నయం కావాలని దువా చేశాడు. అత్తగారు తలుపు దాకా సాగనంపింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది. వెల్లుల్లి వొలవమంటుందనుకున్నాను. మఖ్రూద్‌ల పళ్లెం నా ముందు నుంచి తీసుకెళ్లిపోయింది.

రంజాన్ 16

చెప్పాలి.

రంజాన్ 17

చెప్పలేదు. కాలు సలుపుతోంది.

రంజాన్ 18

ఇవాళ చెబుదామనుకున్నాను. శుక్రవారం, అందరూ నమాజులో ఉంటారు.

రంజాన్ 19

అత్తగారే తేల్చేసింది. దలీలా రొట్టెల కోసం పిండి పిసుకుతోంది. ఆవిడ కూతురి ఎదురుగా కూర్చుని, పగలు నేను సీరియల్ చూస్తున్నానే అంది. జపమాల కూడా తిప్పుతాలే, చూస్తూ తిప్పుతా. అజాన్ ముందే మోగిన ఆ రోజు కూడా చూస్తున్నా. పెట్టు పెట్టు అని నీ మొగుణ్ణి తొందరపెట్టింది నేనే. ఇక నా సంగతి అయిపోయింది, మిగతాది అతను చెప్పుకోవాలి.

దలీలా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బావుండేది.

"ఆ పిల్లాడి తల్లి మొన్న నా పక్కనే నిలబడింది, నమాజులో," అంది. "నన్ను చూసి పక్కకు జరిగింది, తనకు సిగ్గేసి. సిగ్గు పడాల్సింది మనమా, ఆవిడా?"

ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. దాని నిండా పిండి.

సబీహ్‌కి చెప్పాను. మొదట ల్యాప్‌టాప్ గురించి చెప్పాను, మూడు దారుల గురించి చెప్పాను, కిటికీ పెద్దదైతే ఏమవుతుందో చిన్నదైతే ఏమవుతుందో చెప్పాను. వాడు ఊఁ కొడుతున్నాడు. అన్నా, ఇదంతా నాకెందుకు చెబుతున్నావు అన్నాడు చివరికి. నొక్కింది నేను అన్నాను.

లైను పోయిందనుకుని హలో అన్నాను.

"పది రోజుల్నుంచి నా మోచేతిని తిడుతున్నాను," అన్నాడు. "మీ ఇంటికొచ్చాను. నా వీపు తట్టావు."

తట్టాను అన్నాను.

"నాకు కాదు. మోచేతికి చెప్పు."

అర్థం కాలేదు. ఫోన్ మోచేతి దగ్గర పెడుతున్నాను, క్షమాపణ చెప్పు అన్నాడు. పరాచికమేమో అనుకున్నాను. గొంతులో పరాచికం లేదు. దలీలా, అత్తగారు చూస్తుండగా, యాభై రెండేళ్ల వయసులో, ఒక మోచేతిని క్షమించమని అడిగాను. నీ తప్పేమీ లేదు, నువ్వసలు కీబోర్డు దాకా రానే లేదు అని చెప్పాను. గట్టిగా చెప్పమన్నాడు. గట్టిగా చెప్పాను. కింది అంతస్తువాళ్లు కిటికీ తెరిచారు.

అప్పుడు ఫోన్లో నవ్వు వినిపించింది. ఎంతసేపు నవ్వాడో, నవ్వి నవ్వి మధ్యలో అది ఇంకోలా మారింది. తర్వాత ముక్కు చీదుకుని, గుడ్డ విప్పేస్తున్నాను అన్నా, దురద పుడుతోంది అన్నాడు.

రంజాన్ 20

సి ఫౌజీకి చెప్పాను. ఆయన ఎంత అరిచాడో రాయను. ఉద్యోగం తీసేస్తారా అని అడిగాను. తీసేస్తే హాయిగా ఇంట్లో కూర్చుంటావు, అదేం కుదరదు అన్నాడు. రేపు స్టూడియోకి వచ్చి మైకులో నీ నోటితో ఊరికి చెప్పు. అదొక్కటే కాదు, ఈ నెలాఖరు దాకా రోజూ ఇఫ్తార్ వేళ నువ్వే చెప్పాలి, నోటితో. నీ చెయ్యి ఏ కీబోర్డు మీదా పడకూడదు. అజాన్ సబీహ్ పెడతాడు.

డాక్టరు మెట్లు వద్దన్నాడని గుర్తు చేశాను.

రంజాన్ 21

అబ్దుస్సలామ్, సబీహ్ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు దించారు, స్టూడియోలో రెండంతస్తులు ఎక్కించారు. పెళ్లికొడుకులా ఉన్నానని వీధిలో ఎవరో అన్నారు. ఇంకెవరో, పెళ్లికొడుకైతే వేళకు వస్తాడుగా అన్నారు.

మైకులో చెప్పాను. కిటికీలూ దారులూ ఏమీ చెప్పలేదు. నా పేరు లసాద్, ఆ రోజు నొక్కింది నేను, సబీహ్ కాదు, పది రోజులు అతని మీద పడుతుంటే ఊరుకున్నాను అని చెప్పాను. నోరెండిపోయింది. నీళ్లు తాగడానికి వీల్లేదు.

తర్వాత ఫోన్లు కలిపారు. మొదటివాడు తిట్టాడు. రెండోవాడూ తిట్టాడు, కాస్త ఓపికగా, మా నాన్న దగ్గర్నించి మొదలుపెట్టి. మూడో ఆవిడ మెన్జెల్ పేట నుంచి. మా ఆయన రోజూ అజాన్ అయ్యాక గంటకు కాఫీ దుకాణం నుంచి ఊడిపడతాడు, ఆ ఒక్క రోజే అజాన్ ముందే మోగేసరికి ఆలస్యమైందనుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చాడు, నేను చేసినవి వేడివేడిగా తిన్నాడు, ఆ ఒక్కరోజు ఉపవాసం నేను సంతోషంగా తీర్చుకుంటాను అంది. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్లెవరూ సరిగ్గా తిట్టలేకపోయారు.

సబీహ్ వాళ్లమ్మ ఫోన్ చేయలేదు. సాయంత్రం బజారుకు వెళ్లిందట. ఏమీ కొనకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి వచ్చిందట.

రంజాన్ 24

రోజూ కుర్చీలో దింపడం, ఎక్కించడం. నా ల్యాప్‌టాప్‌లో ఆ మూడు దారుల్లో సబీహ్ తనంతట తానే ఒకటి పెట్టి, దాని మీద కాగితం అంటించాడు. ఏది పెట్టాడో నేను చూడలేదు. చూడనివ్వలేదు.

ఇఫ్తార్ వేళ చెప్పడం తేలికే. గడియారం చూడడం, చెప్పడం. కాకపోతే గడియారం సరిగ్గా ఉందో లేదో ఎవరు చెప్పొచ్చారు? సబీహ్ గడియారం కూడా చూస్తున్నాను. కిటికీలోంచి ఆకాశం కూడా.

రంజాన్ 27

జాగ్రత్త ఎక్కువైందని సి ఫౌజీ అన్నాడు. ఎక్కువ జాగ్రత్త అనేది ఉండదని నా అభిప్రాయం.

రంజాన్ 29

నెలవంక కనిపిస్తే రేపే పండగ. ఇవాళే నా చివరి సాయంత్రం కావచ్చు.

మైకు ముందు కూర్చున్నాను. వేళ దగ్గర పడింది. వేళ అయింది. గోడ గడియారం అయిందంది, సబీహ్ చేతి గడియారం అయిందంది, నా ఫోన్ అయిందంది. కిటికీలో ఖర్జూరపు చెట్ల వెనక ఇంకా ఎర్రగా ఉంది. అది సూర్యుడా, సూర్యుడు వెళ్లిపోయాక మిగిలిన ఎరుపా? పక్కనే ఉన్న పెద్ద మసీదులో అజాన్ మొదలైంది. వాళ్ల గడియారం ముందుందేమో. సబీహ్ చేత్తో సైగ చేశాడు. రెండు చేతులతో చేశాడు. మోచేతులతో కూడా చేశాడు. నా నోరు పెగల్లేదు. పన్నెండు వీధుల అవతల మా పేటవాళ్లంతా నా మీద ఆధారపడి ఉన్నారు. ఇంకొక్క క్షణం ఆగితే నష్టమేముంది?

ఫోన్ లైటు వెలిగింది. సబీహ్ విసుగెత్తి నేరుగా మైకులోకే కలిపేశాడు.

"అల్లుడూ," అంది లల్లా మబ్రూకా, ఊరంతటికీ వినపడేలా. "సూర్యుడు వెళ్లిపోయి పడుకున్నాడు. వీధిలో అందరం ఖర్జూరం చేత్తో పట్టుకుని కూర్చున్నాం. మసీదు చెప్పేసింది. అయినా నువ్వు చెప్పాకే తింటామంటున్నారు జనం, మళ్లీ ఇంకో ఉపవాసం తీర్చుకునే ఓపిక ఎవరికీ లేదట. మమ్మల్ని తిననిస్తావా, పండగ దాకా ఆగమంటావా?"

చెప్పాను. వేళయింది, తినండి అన్నాను. సబీహ్ స్పేస్ నొక్కాడు, చూపుడు వేలితో, నా కళ్లలోకి చూస్తూ. అజాన్ మొదలు కాకముందు ఉండే ఆ చిన్న సందులో, మైకు ఇంకా ఆపకుండానే, ఒక ఖర్జూరం తీసి నా నోట్లో కుక్కాడు.

నేను నమిలిన చప్పుడు గాబెస్ అంతా విన్నది.